చీమకుర్తి గెలాక్సీ, హైదరాబాద్ గులాబీ బండ: రెండూ గ్రానైట్లేనా?

ప్రశ్న:
మా వంటగట్టుకు చీమకుర్తి గెలాక్సీ రాయి వేయించాము. నల్లటి రాతిలో రాగి రంగు రేకులు మెరుస్తుంటాయి. హైదరాబాద్‌లోని మా ఇంటి వెనుక బండ మాత్రం గులాబీ రంగులో గరుకుగా ఉండి, మధ్యమధ్య గాజు పెంకుల్లాంటి బూడిదరంగు గింజలతో కనిపిస్తుంది. దుకాణాల్లో రెండింటినీ గ్రానైట్ అనే అంటారు. ఇవి ఒకే విధంగా పుట్టినవేనా?

జవాబు:
కావండి. గెలాక్సీ వ్యాపారంలో మాత్రమే గ్రానైట్. భూవిజ్ఞానం ప్రకారం అది గాబ్రో కుటుంబపు రాయి. భూపటలం కింద ఉండే ప్రావారం (మాంటిల్) నుంచి వచ్చిన శిలాద్రవం లోతులోనే నెమ్మదిగా గడ్డకట్టగా ఏర్పడింది. ఇలాంటి రాళ్లలో సిలికా (సిలికాన్, ఆక్సిజన్‌ల సమ్మేళనం) సుమారు 50 శాతమే. ఆ రాగి రేకులు బ్రాంజైట్ అనే పైరాక్సీన్ ఖనిజానివి. మీ బండలోని గాజు గింజలు క్వార్ట్జ్, గులాబీ పలుకులు పొటాషియం ఫెల్డ్‌స్పార్. వాటిలో చిక్కుకున్న అతిసూక్ష్మమైన ఇనుప ఆక్సైడ్ రేణువులే ఆ రంగునిస్తాయి. అసలైన గ్రానైట్‌లో సిలికా 70 శాతం దాకా, కొన్నిసార్లు అంతకు మించి ఉంటుంది.

మరొక జవాబు:
లోతులో గడ్డకడితే గాబ్రో అయ్యే బసాల్టు ద్రవం చల్లారుతూ ఇనుము, మెగ్నీషియం ఎక్కువగా గల ఖనిజాలను ముందే విడిచిపెడితే చివరికి మిగిలేది గ్రానైట్ ద్రవమని శిలాశాస్త్రవేత్త నార్మన్ బోవెన్ వాదించారు. అది జరిగే పనే గాని, అలా మిగిలేది మొదటి ద్రవంలో చిన్న భాగం. హైదరాబాద్ చుట్టూ కనుచూపు మేర పరుచుకున్న, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అంతా అలాగే వచ్చి ఉంటే, దానికి ఎన్నో రెట్ల గాబ్రో ఎక్కడ ఉన్నట్టు? అందుకే అంతకు ముందున్న భూపటలమే లోతులో వేడెక్కి కొంతమేర కరిగిందన్న వివరణ నాకు బలంగా తోస్తుంది. మరో శాస్త్రవేత్త టటిల్‌తో కలిసి బోవెన్ చేసి, 1958లో వెలువడిన ప్రయోగాలే దీనికి ఊతమిచ్చాయి: పీడనం కింద నీరు తగినంత ఉంటే, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ల మిశ్రమం 700 డిగ్రీల సెల్సియస్ దగ్గరలోనే, అంటే భూపటలం లోతుల్లో సాధ్యమయ్యే వేడికే, కరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. కరిగిన ఆ పాత రాయి ఎలాంటిదో ఇప్పుడు తెలుసుకోగలమా?

జవాబు:
చాలావరకు తెలుస్తుంది. రాళ్లు శిథిలమై మట్టిగా మారేటప్పుడు సోడియం, కాల్షియం నీటిలో కొట్టుకుపోయి అల్యూమినియం మిగులుతుంది. అలాంటి అవక్షేపాలు కరిగితే వచ్చే గ్రానైట్‌లో అల్యూమినియం మిక్కుటమై తెల్ల అభ్రకం, కార్డియరైట్ అనే ఖనిజాలు ఏర్పడతాయి. అగ్నిశిల కరిగితే హార్న్‌బ్లెండ్ అనే నల్లటి ఖనిజం కనిపించవచ్చు. ఆస్ట్రేలియాలోని గ్రానైట్లను చాపెల్, వైట్ అనే శాస్త్రవేత్తలు 1974లో ఈ తీరుగానే ఎస్ రకం (అవక్షేపాల నుంచి వచ్చినవి), ఐ రకం (అగ్నిశిలల నుంచి వచ్చినవి) అని విడదీశారు. మీ బండలోని నల్ల గింజలను భూతద్దంతో చూడండి: గోటితో గీరితే పొరలుగా లేచేది నల్ల అభ్రకం, అది రెండు రకాల్లోనూ ఉంటుంది, పొరలు లేవని గట్టి పొడవాటి పలుకులుంటే అవి హార్న్‌బ్లెండ్ కావచ్చు.