మూడు కొండలు ఒక్క రోజులోనా, మూడు రోజుల్లోనా?

రాయగడ బాటసారి:
డిసెంబరు చివరి వారంలో మా స్నేహితులం అయిదుగురం ఒడిశాలో మూడు కొండలు ఎక్కాలని అనుకున్నాం. గజపతి జిల్లాలో మహేంద్రగిరి (1,501 మీటర్లు), మా రాయగడ జిల్లాలో నియమగిరి, చివరగా కొరాపుట్ జిల్లాలో దేవమాలి (1,672 మీటర్లు). ఈ పురుగును మా బుర్రలో వదిలింది బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా మేనల్లుడు. బ్రిటన్‌లో బెన్ నెవిస్, స్కేఫెల్ పైక్, స్నోడన్ అనే మూడు శిఖరాలను, నడుమ కారు ప్రయాణంతో సహా, 24 గంటల్లో ముగించే పందెం ఉంది. మనమూ అలాగే చేద్దామని ఇద్దరు, మూడు రోజులు తీసుకుందామని ఇద్దరు. అయిదోవాడిని నేను, ఎటూ తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను. మాలో ఒకాయనకు యాభై రెండేళ్లు. బ్యాంకులో కుర్చీలోంచి లేవడమే ఆయన వ్యాయామం.

జయపురం పాతకాపు:
ఒక్క రోజే. గడువు లేకపోతే ఎవరూ సాధన చేయరు, నా అనుభవం ఇది. నిరుడు మేం నలుగురం తీరిగ్గా దేవమాలి ఎక్కుదామని బయలుదేరాం. ముందు నెల రోజుల్లో ఒక్కరూ ఒక్క మెట్టు ఎక్కిన పాపాన పోలేదు. సగం దారిలో ఒకడి కొత్త బూట్లు మడమ చర్మం ఒలిచేశాయి. ఇంకొకడి సంచి బరువుగా ఉంది కదా, నీళ్లు ఉన్నాయనుకుని అందరం ధైర్యంగా ఉన్నాం. తెరిస్తే చేగోడీల డబ్బా, చీట్లపేక, ఒక స్పీకరు. శిఖరం దగ్గరదాకా రోడ్డు ఉండనే ఉంది. పైకి పోతున్న జీపు ఆపి ఎక్కి, ఫొటోలు దిగి వచ్చాం. ఆ ఫొటో చూసి ఊళ్లో అందరూ మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఇప్పటికీ దాన్ని చూస్తే ఒళ్లు మండుతుంది. గడియారం ఉంటే కనీసం భయమైనా ఉండేది.

నాగావళి ఒడ్డు:
మేనల్లుడు అసలు సంగతి చెప్పలేదు. ఆ పందెం అక్కడ ఎక్కువ మంది వేసవిలో చేస్తారు. జూన్‌లో అక్కడ పగలు 16 గంటలకు పైనే. చలికాలంలో బెన్ నెవిస్ మీద మంచు గట్టిపడి ఉంటుంది, మంచుగొడ్డలి, బూట్లకు ఇనుప ముళ్లు లేకుండా వెళ్లకూడదు. మనకు మంచు లేదు, నిజమే. కానీ డిసెంబరులో పగలు పదకొండు గంటలే. ఉదయం ఆరున్నరకు తెల్లవారితే సాయంత్రం ఐదున్నరకు పొద్దు గుంకుతుంది. 24 గంటల్లో సగానికి మించి చీకటే.

ఆ చీకట్లో నాకు కొండ కన్నా కారంటేనే భయం. పర్లాకిమిడి వైపు నుంచి గుణుపురం, రాయగడ, లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ రావాలి. పొద్దున కొండ ఎక్కి దిగిన మనిషే రాత్రి పొగమంచులో ఘాట్ రోడ్డు మలుపుల్లో స్టీరింగు పట్టుకోవాలి. పక్కన కూర్చున్నవాళ్లు గురక పెడుతుంటారు. దీన్ని సాహసం అనను.

ఇంకొక మాట. నియమగిరి అక్కడి ఆదివాసులైన డోంగ్రియా కొంధులకు దేవుడు, నియమ రాజు. 2013లో సుప్రీంకోర్టు బాక్సైట్ తవ్వకం విషయాన్ని గ్రామసభలకు వదిలితే, పన్నెండు ఊళ్ల సభలూ వద్దని తేల్చిచెప్పాయి. అలా కాపాడుకున్న కొండ మీదికి మనం గడియారం చూసుకుంటూ ఉరికి, రెండోది అయిపోయింది అనుకోవడం నాకు నచ్చలేదు. ఊరివాళ్లను అడిగి, రమ్మంటే వెళ్లి, కూర్చుని రండి. పందెంలో మాత్రం కలపకండి.

జయపురం పాతకాపు:
నియమగిరి విషయంలో మీతో ఏకీభవిస్తాను, నాకు ఆ ఆలోచనే రాలేదు. కారుకు జీతం ఇచ్చి డ్రైవరును పెట్టుకోవచ్చు కదా? ఇక నడక సంగతి అంటారా, పోయినేడు అలిపిరి మెట్లు 3,550 ఎక్కాను. దేవమాలి నాకొక లెక్కా?

పర్లాకిమిడి మాస్టారు:
నాయనా, తిరుమల నుంచి దిగింది బస్సులోనే కదా?

కొరాపుట్ కాఫీ:
మాస్టారు సరిగ్గా పట్టుకున్నారు. ఎక్కడం ఊపిరికి పరీక్ష, దిగడం తొడలకు. దిగేటప్పుడు తొడ కండరం ఒకపక్క సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. ఆ పనిలో దాని పోగులు సన్నగా చిట్లుతాయి. నొప్పి ఆ సాయంత్రం తెలియదు, అందుకే అందరూ భోజనాల దగ్గర గొప్పలు చెప్పుకుంటారు. మర్నాడు మొదలై, ఆ తర్వాతి రోజుకు ముదురుతుంది. మంచం దిగడానికి గోడ పట్టుకోవాలి.

ఇప్పుడు మూడు రోజుల పథకం చూడండి. మొదటి రోజు మహేంద్రగిరి దిగితే, నొప్పి బాగా ముదిరే మూడో రోజుకు అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి వస్తుంది! అంటే తీరిక పక్షం వాళ్లు అనుకున్నట్టు మూడు రోజులు సులువేమీ కాదు. ఆ లెక్కన ఒక్క రోజే నయం అనిపిస్తుంది, నొప్పి వచ్చేలోగా పని అయిపోతుంది. అయితే దీనికి విరుగుడు ఉంది. ఒకసారి ఆ నొప్పి పడి కోలుకున్న కండరాన్ని తర్వాత కొన్ని వారాలపాటు అదే పని అంతగా బాధించదు. బయలుదేరడానికి రెండు వారాల ముందు ఏదైనా గుట్ట ఎక్కి, వీపున సంచితోనే, నడిచి దిగండి. ముఖ్యం దిగడం. ఆ తర్వాత రెండు రోజులు కుంటండి. అదే సాధన.

పర్లాకిమిడి మాస్టారు:
మహేంద్రగిరి మీద భీముడి గుడి ఉంది, పెద్ద పెద్ద రాతి దిమ్మెలతో కట్టింది. శివరాత్రికి జనం కిటకిటలాడతారు, డిసెంబరులో గాలి తప్ప ఎవరూ ఉండరు. ఆకాశం తేటగా ఉంటే సముద్రం కనిపిస్తుంది. వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి తీరం కన్నా శిఖరం మీద పది డిగ్రీల దాకా చల్లన. మా వాళ్లు చేసే తప్పు ఒకటే. కిందనే స్వెట్టరు వేసుకుని ఎక్కుతారు, చెమటకు బనీను తడిసి ముద్దవుతుంది, పైకి వెళ్లి ఆగగానే గాలి తగిలి పళ్లు టకటకమంటాయి. ఎక్కేటప్పుడు కొంచెం చలి వేస్తుండాలి. పొడి బనీను ఒకటి ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, పైన మార్చుకుని అప్పుడు స్వెట్టరు వేసుకోండి. కొండ కింద లోయలో బస చేస్తే అక్కడ చలి ఉండదనుకోకండి. గాలి లేని తేట రాత్రుల్లో చల్లగాలి బరువుగా కిందికి జారి లోయలోనే చేరుతుంది. దోమతెర కూడా పట్టుకెళ్లండి, కొరాపుట్ మలేరియాకు చలికాలమని మొహమాటం లేదు.

జయపురం పాతకాపు:
సరే, బస్సు దెబ్బ ఒప్పుకున్నాను. కానీ గడువు మాత్రం ఉండాలి. మధ్యాహ్నం రెండు గంటలకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలి అని పెట్టుకోండి. అదీ గడియారమే.

రాయగడ బాటసారి:
అది మా అయిదుగురికీ నచ్చింది. కొండలు రెండే, నడుమ ఒక రోజు విరామం, కారుకు డ్రైవరు. రెండు గంటల నియమం రాసి కారు అద్దానికి అంటిస్తాం. దేవమాలికి కింది ఊరి నుంచే నడక, జీపు ఆపితే లెక్కలోకి రాదు. తిండికి అటుకులు, బెల్లం, దారిలో ఊళ్లో దొరికితే మండియా పేజ్, అంటే రాగి అంబలి.

ఇక బ్యాంకాయన. విశాఖలో కూతురింట్లో ఉన్నాడు, ఈ చర్చ ఆయనకు పంపాను. ఇవాళ నాలుగో అంతస్తు నుంచి ఏడు సార్లు మెట్లు దిగానని గొప్పగా ఫోను చేశాడు. ఎక్కడానికి ప్రతిసారీ లిఫ్టు వాడాడని ఆయన కూతురు వెనక నుంచి అరిచింది.

కొరాపుట్ కాఫీ:
మీ అయిదుగురిలో నా మాట విన్నది ఆయనొక్కడే. ఎల్లుండి ఎలా నడుస్తున్నాడో కనుక్కుని ఇక్కడ రాయండి.