క్యాంపస్ గోడ మీద సవర బొమ్మలు, దత్తత ఊరితో కార్యక్రమం: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

వంశధార_గట్టు:
అందరికీ నమస్కారం. శ్రీకాకుళం దగ్గర ఒక యూనివర్సిటీలో గెస్ట్ ఫ్యాకల్టీగా పనిచేస్తున్నాను. మా హాస్టల్ పక్కన కాంపౌండ్ గోడ ఉంది, 120 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు. దాని మీద సవర బొమ్మలు, అంటే మన కొండల్లో సవర గిరిజనులు ఇంటి గోడల మీద గీసేవి, వేయించాలని డిపార్ట్‌మెంట్‌లో అనుకున్నాం. ప్రారంభం రోజున దత్తత గ్రామం వాళ్లని పిలిచి తప్పెటగుళ్లు (గుండెల మీద రేకు తప్పెట వాయిస్తూ ఆడే ఆట), ముగ్గులు పెట్టించాలని ఆలోచన. రంగులు ఏవి వాడాలి, కళాకారులకి ఎంత ఇవ్వాలి, పర్మిషన్ ఫైలు ఎక్కడ ఆగుతుంది, ఊరివాళ్లు నిజంగా రావాలంటే ఏం చేయాలి? మా పిల్లలు వేసిన నమూనా ఫొటో కింద పెట్టాను. సంక్రాంతి సెలవులకి ముందే అయిపోవాలి, టెన్షన్‌గా ఉంది.

గోడమేస్త్రి_ఆమదాలవలస:
22 ఏళ్లుగా పెయింటింగ్ పనులు పట్టిస్తున్నాను, స్కూళ్లు, కాలేజీలు, గుళ్లు అన్నీ చేశాను. ముందు గోడ సంగతి చూడండి, బొమ్మ సంగతి తర్వాత. అరచేత్తో గోడని గట్టిగా రాయండి. తెల్లటి పొడి అంటుకుంటే గోడ ఉప్పు పట్టినట్టు. నేలలో చెమ్మ గోడలోకి ఎక్కి, ఆరేటప్పుడు ఉప్పుని పైకి తోస్తుంది. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా పొక్కులు లేచి ఊడిపోతుంది. కింది రెండు అడుగుల్లో బొమ్మలు అసలు పెట్టొద్దు. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడైతే కనీసం 28 రోజులు ఆగాలి. లోపలి గోడలకి వాడే పుట్టీ బయట పెట్టొద్దు. ఎక్స్‌టీరియర్ ప్రైమర్ ఒక కోటు, ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు కోట్లు. మీ గోడ 720 చదరపు అడుగులు, రెండు కోట్లకి 20 లీటర్ల బకెట్ ఒకటి సరిపోతుంది. డిస్టెంపర్ అయితే ఒక్క వానాకాలమే. గోడ తల మీద సిమెంటు వాలుగా కట్టించండి, లేకపోతే వాన నీరు బొమ్మ మీదుగా నల్లగా కారుతుంది. చెయ్యి రాసి చూసి ఇక్కడే చెప్పండి.

పాత_పీవో:
నేను ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్‌గా చేశాను. రంగుల సంగతి మేస్త్రి గారు చెప్పారు, నేను ఊరి సంగతి చెబుతాను. ఒక ఏడు రోజుల క్యాంపులో మా వాలంటీర్లు ఊళ్లో గోడల మీద పరిశుభ్రత నినాదాలు రాశారు. సర్పంచ్‌ని అడిగాం, ఇళ్లవాళ్లని అడగలేదు. మర్నాడు పొద్దున్న వెళ్లేసరికి ఒక ముసలావిడ గోనె సంచి ముక్క తడిపి మా అక్షరాలు రుద్దుతోంది. కొండెర్ర మట్టి అలికి, కింద సున్నంతో అంచు గీసుకున్న గోడ అది. గోడ మొదలు దగ్గర ఎర్ర నీళ్లు కాలువలా పారుతున్నాయి. "పండక్కి అలికాను బాబూ, నా గోడ మురిగ్గా ఉందని రాశారా?" అంది. ఆవిడతో పాటు కూర్చుని మట్టి తెచ్చి మళ్లీ అలికాం. ఆ సాయంత్రమే మొదటిసారి ఆ వీధి ఆడవాళ్లు మా మీటింగుకి వచ్చారు. క్యాంపస్ గోడ మీదే అయినా సరే, ముందు ఆ ఊరికి వెళ్లి అడగండి.

కొండదారి_సీతంపేట:
నమూనా ఫొటో చూశాను. సార్, అది సవర బొమ్మ కాదు. మధ్యలో పొడవాటి బూర ఊదే మనిషి, చుట్టూ సుడి తిరిగినట్టు చేతులు పట్టుకుని ఆడేవాళ్లు. అది మహారాష్ట్ర వార్లీ గిరిజనుల తార్పా నాట్యం. ఒంటికి రెండు ముక్కోణాలు మొన మీద మొన ఆనించి గీశారు, అదీ వార్లీ పద్ధతే. పైన "మన సవర కళ" అని పెద్ద అక్షరాల్లో రాశారు. నేను సవరవాడిని. మా అవ్వ ఇంట్లో గోడ ఉండగా, ఇక్కడికి నూరు మైళ్లు దాటని మా ఊళ్లు ఉండగా, ఎక్కడిదో బొమ్మకి మా పేరు పెడితే మనసు కష్టంగా ఉంది.

రంగవల్లి_ఎంఎఫ్ఏ:
ఇంత బాధపడాల్సిన పని లేదు. నేను ఫైన్ ఆర్ట్స్‌లో పీజీ చేశాను, 14 ఏళ్లుగా మ్యూరల్స్ వేస్తున్నాను, బస్టాండ్లు, ఫ్లైఓవర్లు, మూడు క్యాంపస్‌లు. వార్లీ అయినా సవర అయినా ఎర్ర నేల మీద తెల్ల పిండి, గీతల మనుషులు. దారిన పోయేవాడికి ఆ తేడా పట్టదు. పిల్లలు ఉత్సాహంగా వేశారు, వాళ్లని నిరుత్సాహపరచకండి. కళకి సరిహద్దులు గీస్తే కళే బతకదు.

కొండదారి_సీతంపేట:
పిల్లల్ని నేను ఒక్క మాట అనలేదు. తేడా పట్టదన్నారు కాబట్టి చెబుతున్నాను. మా అవ్వ గోడకి ఎర్రమట్టి అలికి ఆరనిచ్చేది. బియ్యం నానబెట్టి రోట్లో మెత్తగా నూరేవాళ్లు. వేలెడు పుల్ల తీసుకుని కొన పళ్లతో నమిలితే పీచు తేలి కుంచె అయ్యేది. మొదట గీసేది చట్రం. అది ఇల్లు. చట్రం అంచు నుంచి లోపలికి నింపుకుంటూ రావాలి. మనుషులు, ఏనుగులు, చెట్లు, గుర్రమెక్కిన పెద్దలు, పైన సూర్యుడు, చంద్రుడు అన్నీ ఆ ఇంట్లోనే ఉంటారు. మా బొమ్మల్లో ఒళ్లు సన్నగా సాగి ఉంటుంది, ముక్కోణం అంత పదునుగా కనపడదు. ఇది అలంకారానికి గీసేది కాదు. ఇంట్లో జబ్బు చేసినా, పెద్దల్ని తలుచుకోవాలన్నా మా పూజారి ఎజ్జోడు చెబితే గీస్తారు, దాని ముందు కొత్త పంట పెడతారు. నాకు ఏడేళ్లప్పుడు జ్వరం వస్తే మా అవ్వ గీసిన ఇంటి మూల ఒక చిన్న మనిషి ఉన్నాడు. అది నేనే అని చెప్పింది. మీరు దాన్ని గీతల మనిషి అంటున్నారు.

రంగవల్లి_ఎంఎఫ్ఏ:
మీ అవ్వ గారి మీద గౌరవం ఉంది. కానీ వార్లీ కూడా పెళ్లిళ్లకి గోడ మీద గీసిందే కదా? జీవ్యా సోమ మాషే గారు దాన్ని కాగితం మీదకి తెచ్చారు, 2011లో పద్మశ్రీ వచ్చింది, ఇవాళ వార్లీ అంటే ప్రపంచానికి తెలుసు. సవర బొమ్మ పూజ గదిలోనే ఉండాలంటే ఇంకో రెండు తరాల్లో మాయమైపోతుంది. నేను బయటికి తెద్దామంటుంటే మీరు ఆపుతున్నారు.

కొండదారి_సీతంపేట:
మాషే గారు వార్లీ మనిషి. తన ఇంటి బొమ్మని తనే బయటికి తెచ్చారు. నేను అడుగుతున్నది అంతే.

బారువ_తీరం:
గోడల కన్నా శిల్పాలు మంచివి. తెనాలి వాళ్లు ఇనుప తుక్కుతో ఎంత గొప్ప విగ్రహాలు చేస్తున్నారు! మా క్యాంపస్‌లో తుక్కుతో చేసిన కొంగని పెట్టారు, రెండేళ్లకే ఉప్పు గాలికి రెక్కలు తుప్పు పట్టి రాలాయి. మన జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఇనుము పెట్టేవాళ్లు ఏటేటా యాంటీ రస్ట్ కొట్టించే డబ్బు కూడా రాసి పెట్టుకోవాలి.

రాజాం_రోడ్డు:
సవర ఊళ్లున్న సీతంపేట ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా కాదు కదా, పార్వతీపురం మన్యం. గోడ మీద "శ్రీకాకుళం జిల్లా సవర కళ" అని రాస్తే తప్పవుతుంది.

పాత_పీవో:
జిల్లాలు విడిపోయింది 2022 ఏప్రిల్‌లో. బొమ్మ అంతకు ముందు నుంచీ ఉంది.

రాజాం_రోడ్డు:
మీకు తేలికే. మా రాజాం రాత్రికి రాత్రి శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లా అయిపోయింది. ఒక్క సర్టిఫికెట్ కోసం రెండు ఊళ్లు తిరిగాను. పేరు సరిగ్గా రాయమంటే తప్పేముంది?

కోట_వీధి:
జిల్లాల గొడవ వేరే చోట పెట్టుకోండి. కళాకారులకి ఎంత ఇవ్వాలన్న ప్రశ్నకి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

గజ్జెల_బిడ్డ:
నేను చెబుతాను. మా నాన్న తప్పెటగుళ్ల దళంలో ఆడతారు. ఒక క్యాంపస్ ఫెస్టుకి 16 మందిని పిలిచారు. పొద్దున్న ఆరింటికి ఆటో ఎక్కారు. మధ్యాహ్నం రెండింటికి అన్నారు, రాత్రి తొమ్మిదిన్నరకి స్టేజీ ఎక్కించారు. అప్పటిదాకా గజ్జెలు కట్టుకునే కూర్చున్నారు, విప్పితే మళ్లీ కట్టుకోవడానికి అరగంట పడుతుందని. పది నిమిషాలకే మైకులో చాలన్నారు. మనిషి మీద మనిషి ఎక్కి గోపురం కట్టే ఘట్టం అసలు రానే లేదు. పైవాడు భుజం మీద కాలు పెట్టి, దిగిపోయాడు. శాలువా కప్పారు, మెమెంటో ఇచ్చారు, డబ్బులు ఆటోకి కూడా చాలలేదు. ఇంటికొచ్చాక చూస్తే నాన్న గుండెల మీద రేకు తప్పెట అంచు ఒరిసి ఎర్రగా గీత పడింది. కొబ్బరినూనె రాస్తూ అడిగాను, మళ్లీ పిలిస్తే వెళతావా అని. ఏమీ అనలేదు.
కాబట్టి ఎంత ఇవ్వాలంటే: వచ్చిన ప్రతి మనిషికీ ఆ రోజు పోయే కూలి, పైన ఆటకి వేరే సొమ్ము, దారి ఖర్చు, రెండు పూటలా భోజనం. సగం ముందే ఇవ్వండి. టైము రాసివ్వండి, ఆ టైముకే ఆడించండి.

పాత_పీవో:
అమ్మా, చదివి మనసు పాడైపోయింది. బిల్లు పాస్ కావడానికి కొటేషన్లు మూడు కావాలంటారు, దళానికి జీఎస్టీ నంబరు ఉండదు. అక్కడే ఫైలు ఆగేది. దళపతి పేరున బ్యాంకు ఖాతాకి గౌరవ వేతనంగా వేయండి, ముందే నోట్ పెట్టి సంతకం చేయించుకోండి.

కోట_వీధి:
మా విజయనగరంలో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. అలాంటి ఊళ్లో కూడా క్యాంపస్ గేటు లోపలికి పక్క ఊరి ఆడవాళ్లు రావాలంటే భయపడేవారు. సెక్యూరిటీ వాళ్లు ఐడీ అడిగేవారు. మేము రెండేళ్లు కష్టపడి మార్చాం, ఆ సంతోషంతో రాస్తున్నాను. మొదటిసారి సాయంత్రం ఆరింటికి పెట్టాం, తొమ్మిది మంది వచ్చారు. అది పొయ్యి వెలిగించే వేళ. ఉపాధి పనులకి వెళ్లినవాళ్లు మధ్యాహ్నానికి ఇంటికి చేరతారని తెలిసి రెండింటికి మార్చాం. గేటు నుంచి లైబ్రరీ దాకా రోడ్డంతా వాళ్లకి వదిలేశాం. పోటీ, ప్రైజు ఏమీ పెట్టలేదు. ఒక్కో ఇంటికి పది అడుగుల రోడ్డు. బియ్యప్పిండి, చుక్కలు వాళ్లవే. 62 ముగ్గులు వచ్చాయి. మా ఇంజనీరింగ్ పిల్లలు పక్కన గొంతుక్కూర్చుని, చుక్క తప్పకుండా మెలిక ఎలా తిప్పుతారని అడుగుతుంటే వాళ్ల ముఖాలు చూడాలి. మూడు రోజులు ఆ రోడ్డు మీద బండ్లు తిరగకుండా ఆపించాం. ఆ ఏడాది నుంచి గేటు దగ్గర ఎవరూ వాళ్లని ఐడీ అడగడం లేదు.

రంగవల్లి_ఎంఎఫ్ఏ:
ముగ్గులు మంచివే, కానీ మూడు రోజుల్లో పోతాయి. మ్యూరల్ పదేళ్లు ఉంటుంది.

కోట_వీధి:
మళ్లీ ఏడాది వాళ్లే వచ్చి వేస్తారు. అందుకే అవి నాకు ఇష్టం.

సవర_విద్యార్థి:
ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటి. గిడుగు రామమూర్తి గారు మా భాష నేర్చుకుని నిఘంటువు చేశారు. ఏటా ఆగస్టు 29న మా క్యాంపస్‌లో ఆయన ఫొటోకి దండ వేస్తారు. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా మా సవర పిల్లల్ని మా భాషలో ఒక్క మాట మాట్లాడమని అడగలేదు. గోడ మీద మా బొమ్మ వేస్తే, దాని కింద మా భాషలో రెండు ముక్కలు మా చేత రాయించండి. హాస్టల్‌లో పదకొండు మందిమి ఉన్నాం.

మోడరేటర్:
వ్యక్తిగతంగా తిట్టుకున్న నాలుగు పోస్టులు తీసేశాను. విషయం మీద ఉండండి.

వంశధార_గట్టు:
అన్నీ చదివాను. నమూనా ఫొటో తీసేశాను, పిల్లలకి వార్లీ గురించి, సవర గురించి చెప్పాను, వాళ్లే సిగ్గుపడి మళ్లీ వేస్తామన్నారు. కొండదారి గారూ, క్షమించండి. మీ ఊళ్లో బొమ్మలు గీసే పెద్దల్ని పిలవాలంటే ఎంత అడుగుతారు? రెండు రోజుల్లో అవుతుందా?

కొండదారి_సీతంపేట:
ధర ఫోనులో అడగకండి సార్. ఒకసారి రండి, కూర్చుని మాట్లాడదాం. ఏ బొమ్మ బయట గోడ మీద వేయొచ్చో, ఏది ఇంట్లోనే ఉండాలో వాళ్లే చెబుతారు. కోత, చెట్లు, ఏనుగులు, సంత లాంటివి వేస్తారని అనుకుంటున్నాను, నా మాటే ఆఖరుది కాదు. గోడ పక్కన ఉమ్మే చోటు, చెత్త కుండీ ఉంటే ముందే తీయించండి. గీసినవాళ్ల పేరు, ఊరు గోడ మీద ఉండాలి. పేరు చిన్నక్షరాల్లో మూలకి తోసేస్తే రారు.

రంగవల్లి_ఎంఎఫ్ఏ:
నేను నా మాట మీదే ఉన్నాను. కానీ అంత పెద్ద గోడకి గళ్లు కొట్టి కొలత పెంచడంలో సాయం కావాలంటే వస్తాను. డబ్బులు అక్కర్లేదు.

కొండదారి_సీతంపేట:
వాళ్లకి గళ్లు అక్కర్లేదు. నిచ్చెన పట్టుకునేవాళ్లు కావాలి. రండి.

గోడమేస్త్రి_ఆమదాలవలస:
ఇంత రాశారు, గోడ మీద చెయ్యి రాసి చూశారా లేదా ఎవరూ చెప్పలేదు.

వంశధార_గట్టు:
ఇప్పుడే రాసి వచ్చాను మేస్త్రి గారూ. అరచేయి తెల్లగా అయింది. మోకాలి ఎత్తు దాకా అలాగే ఉంది.

గోడమేస్త్రి_ఆమదాలవలస:
అయితే సంక్రాంతికి అవ్వదు. నీళ్లతో కడగొద్దు, వైరు బ్రష్‌తో పొడిగా గీకించండి. గోడ వెనక హాస్టల్ బాత్రూముల పైపు ఉందేమో చూడండి, కారుతుంటే ముందు అది కట్టించాలి. నెలన్నర ఎండనిచ్చి మళ్లీ చెయ్యి రాయండి. ఈలోగా మీరు సీతంపేట వెళ్లి రండి.