థాయ్‌లాండ్ బోర్డర్‌లో తమ్ముడిని వెనక్కి పంపేశారు, ఇప్పుడేం చేయాలి?

మాది పలాస. మా తమ్ముడు హైదరాబాద్ కంపెనీ పనే చియాంగ్ మాయ్‌లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో చేసుకుంటున్నాడు. సెప్టెంబర్ 6న వీసా లేకుండా ఫ్లైట్‌లో దిగాడు, 60 రోజులిచ్చారు, 1,900 బాత్‌లు కట్టి ఇంకో 30 పొడిగించుకున్నాడు. డిసెంబర్ 3న నాంగ్ ఖాయ్ బ్రిడ్జి దాటి లావోస్ వెళ్లి సాయంత్రానికే తిరిగొచ్చేశాడు, మళ్లీ అదే 60, 30. మార్చి 1న ఇదే పని చేయబోతే ఆఫీసర్ పాస్‌పోర్ట్ పేజీలు ఒక్కొక్కటే తిప్పి, స్టాంపుల మీద వేలు పెట్టి లెక్కపెట్టి, ఇక్కడే కాపురం ఉంటున్నావు కదా అని వెనక్కి పంపేశాడు. రోడ్డు మార్గంలో వీసా లేకుండా ఏడాదికి రెండుసార్లే రానిస్తారన్న రూల్ తెలుసు, కానీ ఈ ఏడాదిలో వాడికిది మొదటిదే.

మర్నాడు రిటర్న్ టికెట్, 20,000 బాత్‌ల క్యాష్ చూపించినా కుదరలేదు. ఓవర్‌స్టే ఒక్కరోజు కూడా లేదు. శ్రీకాకుళం ఏజెంటేమో ఫ్లైట్‌లో వెళ్తే ఎవరూ అడగరంటాడు (టికెట్ అమ్ముకునేవాడు ఇంకేమంటాడు). ప్రస్తుతం వియంటియాన్‌లో ఉన్నాడు, లావోస్ వీసా 30 రోజులే.

ఇలా వెనక్కి పంపాక ఇండియా రాకుండా, వియంటియాన్ నుంచే డీటీవీ వీసాకి (వేరే దేశం కంపెనీ పని థాయ్‌లాండ్‌లో ఉండి చేసుకునేవాళ్లకిచ్చే లాంగ్ వీసా) అప్లై చేసి తెచ్చుకున్న మనవాళ్లు ఎవరైనా ఉన్నారా?