అల్లూరి సీతారామరాజుది ఏ ఊరు? ఎంతవరకు చదివారు?

భీమవరం కోడలు:
మా అమ్మాయి ఆరో తరగతి. అల్లూరి గురించి రెండు పేజీలు రాసుకురమ్మన్నారు బళ్లో. వాళ్ల నాన్నేమో మోగల్లు అంటారు, మా నాన్న ఫోన్లో పాండ్రంగి అంటున్నారు. రాత్రి నుంచి పిల్ల ఆ ఒక్క వాక్యమే రాసి చెరిపి, రాసి చెరిపి కాగితం చిల్లు పెట్టేసింది. ఏది రాయించమంటారు? చదువు సంగతి కూడా కాస్త చెప్పండి.

గోదావరి మాస్టారు:
రెండూ రాయించమ్మా. పాండ్రంగి వాళ్లమ్మ సూర్యనారాయణమ్మ గారి పుట్టిల్లు, విశాఖ వైపు. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా! అలా 1897 జూలై 4న అక్కడ పుట్టారు. తండ్రి తరఫు ఊరు మోగల్లు, మీ భీమవరం దగ్గరే.

నాన్న వెంకటరామరాజు గారు రాజమండ్రిలో ఫొటోగ్రాఫరు. 1908 గోదావరి పుష్కరాలప్పుడు కలరా సోకి పోయారు. అప్పటికి రాజుకి పదకొండేళ్లు, వెనకాల ఓ చెల్లి, ఓ తమ్ముడు. ముప్ఫై ఏళ్లు సోషల్ చెప్పాను. ఏటా ఇక్కడికొచ్చేసరికి నా గొంతు పట్టేసేది. జనమంతా పుణ్యానికని మునిగే రేవు ఆ ఇంటి దిక్కునే తీసుకుపోయింది.

ఆ తర్వాత చదువు ఒక్క ఊళ్లో నిలవలేదు. కాకినాడ, విశాఖ, నరసాపురం... చిన్నాన్న రామకృష్ణంరాజు గారు తహసీల్దారు. నరసాపురంలో చేరదీసి టేలర్ హైస్కూల్లో వేశారు. తెల్లదొరల కొలువు చేస్తున్న ఇంట్లో తిని పెరిగిన పిల్లాడమ్మా ఆయన. ఇది మాత్రం తప్పకుండా రాయించు.

నరసాపురం వాసి:
మా తాతయ్యా టేలర్‌లోనే చదివారు. అల్లూరి కూర్చున్న బడి అని చెప్పి మమ్మల్ని గేటు దగ్గర చెప్పులు విప్పించేవారు. మరి చదువు మధ్యలో మానేశారంటారు, నిజమేనా మాస్టారూ?

గోదావరి మాస్టారు:
బడి చదువు ఆగింది, నేర్చుకోవడం ఆగలేదు. సంస్కృతం, జ్యోతిషం, మూలికావైద్యం, గుర్రపుస్వారీ అన్నీ పట్టారు. మన్యం జనం ముందు నమ్మింది మందిచ్చే స్వామినే. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డప్పుడు, తీసుకున్న ఆయుధాల లెక్క రాసి సంతకం పెట్టి మరీ వెళ్లారు. "చదువబ్బలేదు" అన్న మాట ఎవరి కాగితంలో కనబడ్డా నేను కొట్టేసేవాణ్ణి.

భీమవరం కోడలు:
నమస్కారం మాస్టారూ. కొత్త కాగితం తీసి "అమ్మమ్మ గారి ఊళ్లో పుట్టారు, సొంతూరు మోగల్లు" అని మొదలెట్టింది. ఆదివారం మోగల్లు తీసుకెళ్తానని వాళ్ల నాన్న మాటిచ్చారు.