రేడియేటర్‌లో పసుపు వేయడం మరమ్మతా, చేటా?

రాజమండ్రి ఎనిమిది వందలు:

మా నాన్నగారు 1998లో కొన్న మారుతి 800 ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఏడు నెలల క్రితం భద్రాచలం వెళ్తూ, మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్‌లో సగం దూరం వచ్చేసరికి ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీతను తాకింది. బానెట్ ఎత్తి చూస్తే రేడియేటర్ కింది భాగంలో, రేకుల సందులోంచి నీళ్ళు సన్నటి దారంలా చిమ్ముతున్నాయి. అక్కడ ఫోన్ పనిచేయదు. వెనకే వస్తున్న లారీ డ్రైవర్ బండి పక్కకు ఆపి, "తమ్ముడూ, మూత ముట్టుకోకు, చల్లారనీ" అని ముప్పావు గంట కూర్చోబెట్టాడు. ఆ తరువాత తడి గోనెసంచి కప్పి మూత తీసి, తన వంట పెట్టెలోంచి రెండు చెంచాల పసుపు గోరువెచ్చని నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి రేడియేటర్‌లో పోసి, మిగతా నీళ్ళు నింపి, మూతను పూర్తిగా బిగించకుండా మొదటి గంటు దగ్గరే వదిలేశాడు. ఇంజన్‌ను పది నిమిషాలు తిరగనిచ్చేసరికి దారం చుక్కలయింది, చుక్కలు ఆగిపోయాయి.

ఆ రోజు భద్రాచలం చేరాను, స్వామి దర్శనం చేసుకుని తిరిగి ఇల్లూ చేరాను. ఈ ఏడు నెలల్లో ఆ చోట మళ్ళీ కారలేదు. మా ఊళ్ళో మెకానిక్‌కు ఈ సంగతి చెబితే "ఇది ఇంజనా, పప్పుచారా?" అని తిట్టి, రేడియేటర్ మార్చాల్సిందేనన్నాడు. రెండు చెంచాల పసుపుతో ఆగిన దానికి కొత్త రేడియేటర్ ఎందుకన్నది నా ప్రశ్న. నా మటుకు ఇది మరమ్మతే. కాదనేవారు కారణం చెప్పండి.

పదీ పన్నెండు పానా:

ఆ మెకానిక్‌ను నేను కాను గానీ, అక్కడ ఉంటే నేనూ అదే మాట అనేవాడిని. ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. పసుపు పోసిన రేడియేటర్లు నా బల్ల మీదకు చాలా వచ్చాయి, పోసినవారు మాత్రం ఒక్కరూ ముందుగా ఒప్పుకోరు.

మొదటి సంగతి ఏమిటంటే, చిల్లు ఎక్కడుందో పసుపుకు తెలియదు. నీళ్ళు తిరిగే ప్రతి చోటికీ అదీ వెళ్తుంది. రేడియేటర్ లోపలి చదును గొట్టాల ఖాళీ ఒక బియ్యపు గింజ మందం కంటే పెద్దగా ఎక్కువ ఉండదు, అందులోనూ మనలో చాలామంది కూలెంట్ మానేసి బోరు నీళ్ళు పోస్తారు కాబట్టి ఆ గొట్టాల గోడలకు అప్పటికే ఉప్పు పేరుకుని ఉంటుంది. ఆ గరుకు మీద ముద్ద పట్టుకుంటే గొట్టం సగం మూసుకుపోయినట్టే. సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకుని వేడి నీళ్ళను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్‌లో గాలి పోవడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది, అదీ పూడుతుంది. హీటర్ గొట్టాలు ఇంకా సన్నం, కానీ మన మైదానంలో హీటర్ వేసేవారు లేరు గనుక అది మూసుకున్న సంగతి లంబసింగి వెళ్ళిన రోజు దాకా బయటపడదు.

ఇవన్నీ మామూలు రోజుల్లో కనబడవు. మే నెలలో ఏసీ వేసుకుని ఫ్లైఓవర్ కింద ఇరుక్కున్నప్పుడు కనబడతాయి. అప్పుడు ఇంజన్ పైన మూతలా ఉండే అల్యూమినియం హెడ్ వంగితే దాన్ని చదును చేసే హెడ్ ఫేసింగ్, హెడ్ కింద సందు మూసే కొత్త గాస్కెట్, ఆయిల్, కూలీ అన్నీ కలిపి రేడియేటర్‌కు పెట్టాల్సిన డబ్బుకు ఎన్నో రెట్లు అవుతుంది. ముల్లును చూసుకుంటాంలే అనుకోకండి. నీటి మట్టం సెన్సర్ కిందికి పడిపోతే అది ఆవిరిలో తేలుతూ తక్కువ చూపిస్తుంది, లోపల ఇంజన్ మాడిపోతూ ఉంటుంది.

ఒక మాట మాత్రం దాచను. ఒకసారి శ్రీశైలం ఘాట్‌లో రాత్రి పూట పెళ్ళివారి వ్యాన్‌కు నేనూ పసుపు వేశాను. మర్నాడు ఉదయమే ఆ నీళ్ళన్నీ వదిలేసి, రేడియేటర్ దింపి సలాకలు దూర్చి శుభ్రం చేసి, చిల్లుకు టంకం పెట్టాను. మీరు ఏడు నెలలు మోశారు. పేచీ అంతా అక్కడే ఉంది.

రసాయన పంతులు:

పానా గారి అనుభవాన్ని కాదనను గానీ, పసుపు ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఎక్కడ పనిచేయదో కూడా తెలుస్తుంది. పసుపుకు రంగునిచ్చే కుర్కుమిన్ అందులో సుమారు 2 నుంచి 5 శాతమే ఉంటుంది, చిల్లు మూయడంలో దానికి పాత్ర లేదు. మిగిలిన దానిలో ఎక్కువ భాగం పిండి పదార్థం, కొంత పీచు. వేడి నీళ్ళలో పిండి ఉబ్బి గంజి అవుతుంది. నీళ్ళు సూది బెజ్జంలోంచి బయటికి దూసుకుపోయేటప్పుడు ఆ గంజినీ పీచునీ బెజ్జం అంచు దగ్గరకు ఈడ్చుకు వస్తాయి, అక్కడ అవి ఒకదానికొకటి అడ్డుపడి గూడు కడతాయి, బయటి వైపు గాలి తగిలి ఎండి బిరుసెక్కుతాయి. చిల్లు ఎక్కడుందో పసుపుకు తెలియనక్కరలేదు, కారే నీళ్ళే దాన్ని అక్కడికి తీసుకువెళ్తాయి. అదే కారణం వల్ల చీలిన హోస్ పైపుకు, పగిలిన ప్లాస్టిక్ ట్యాంకుకు అది పనికిరాదు, అంత వెడల్పులో గూడు నిలవదు. హెడ్ గాస్కెట్ పోయి రేడియేటర్‌లో బుడగలు వస్తున్న ఇంజన్‌కు వేస్తే కాలయాపన తప్ప ఇంకేమీ మిగలదు.

ఇంకొక చిన్న విషయం. కూలెంట్‌కు క్షార గుణం ఉంటుంది కాబట్టి పసుపు అందులో ఎర్రబారుతుంది. హారతి పళ్ళెంలో పసుపుకు సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేస్తాం కదా, అదే చర్య. నీళ్ళు ఎర్రగా కనబడితే తుప్పు అనుకుని కంగారు పడినవారున్నారు.

దుగ్గిరాల కొమ్ము:

నాకు కార్ల గురించి తెలిసింది తక్కువ, పసుపు గురించి తెలుసు. పంతులు గారు వేడి నీళ్ళలో పిండి ఉడికి గంజవుతుందన్నట్టుగా రాశారు. మేము దుంపలు తవ్వాక ఉడకబెట్టి, రోజుల తరబడి ఎండబెట్టి, పాలిష్ పట్టిన తరువాతే కొమ్ములు యార్డుకు చేరతాయి. అంటే ఆ పిండి రైతు కళ్ళంలోనే ఒకసారి ఉడికిపోయింది, మీ ఇంజన్‌లో కొత్తగా ఉడికేదేమీ లేదు. బజారు పొడిలో మైదా లాంటిది కలిపి ఉంటే మాత్రం ఆ మైదా ఉడుకుతుంది. ఆ లెక్కన చిల్లు మూయడానికి మా కొమ్ముల కంటే కల్తీ పసుపే మేలేమో, అది మాకు అవమానం.

రసాయన పంతులు:

ఒప్పుకుంటున్నాను, ఆ మాట నేను ఆలోచించలేదు. ఉడికి ఎండిన పిండి మళ్ళీ నీటిని పీల్చి ఉబ్బుతుంది, దానికి తాజా పిండిలా వేడి కోసం ఆగాల్సిన పని కూడా లేదు. బహుశా అందుకే లారీ డ్రైవర్ గ్లాసులోనే ముందుగా గోరువెచ్చని నీళ్ళతో కలిపాడు. గూడు కట్టడంలో పీచు వాటా నేను అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటుందని ఇప్పుడు అనిపిస్తోంది.

డెట్రాయిట్ చలి:

పానా గారు దీన్ని పల్లెటూరి వైద్యంలా కొట్టిపారేయకముందు ఒక సంగతి వినాలి. నేను ఉంటున్న ఈ మోటారు నగరంలోనే, 1990ల నాటి కాడిలాక్ నార్త్‌స్టార్ అల్యూమినియం ఇంజన్ల కోసం జనరల్ మోటర్స్ రేడియేటర్‌లో వేసే సీలింగ్ మాత్రలను వాడమని తానే చెప్పేది. ఆ రకం మాత్రల్లో ఉండే సరుకు ఏమిటో తెలుసా? అల్లం వేరు పొడి, బాదం పెంకుల పొడి. అల్లమూ పసుపూ ఒకే కుటుంబపు మొక్కలు. లారీ డ్రైవర్ వంట పెట్టెలో ఉన్నదీ ఆ ఇంజనీర్లు ఎంచుకున్నదీ అన్నదమ్ముల పిల్లలే.

కాకపోతే వారు వాడింది కొలిచిన మాత్ర, కొలిచిన మోతాదు. సీసాలో అమ్మే ప్రతి మందునూ నేను నమ్మను. గాస్కెట్ లీకుల కోసం ఇక్కడ దొరికే కొన్ని సీసాల్లో సోడియం సిలికేట్ ఉంటుంది, వేడికి అది గాజులా గట్టిపడుతుంది. 2009లో అమెరికా ప్రభుత్వం పాత కార్లను వెనక్కి తీసుకున్న పథకంలో ఇంజన్లను మళ్ళీ పనికిరాకుండా చేయడానికి డీలర్లు ఇంజన్ ఆయిల్ తీసేసి పోసింది ఆ సోడియం సిలికేట్ ద్రావణమే. నీళ్ళ దారిలో మందు అనిపించుకునేది ఆయిల్ దారిలోకి చేరితే విషమవుతుంది. దానితో పోలిస్తే పసుపు సాధుజంతువు, కడిగితే పోతుంది.

కూకట్‌పల్లి ట్రాఫిక్:

ఇదంతా పాత రాగి, ఇత్తడి రేడియేటర్ల ముచ్చట. ఇప్పటి కార్లకు అల్యూమినియం కోర్, ప్లాస్టిక్ ట్యాంకులు ఉంటాయి, టంకం పెట్టే వీలే ఉండదు కాబట్టి పానా గారి పద్ధతీ పనికిరాదు. వారంటీలో ఉన్న బండి అయితే పసుపు సంగతి సర్వీస్ సెంటర్‌లో బయటపడిన రోజున బిల్లు మీ చేతికే వస్తుంది. కొత్త బండివాళ్ళు టోయింగ్‌కు ఫోన్ చేయడమే తెలివైన పని.

పదీ పన్నెండు పానా:

మారేడుమిల్లి ఘాట్‌లో టోయింగ్‌కు ఏ ఫోన్‌తో చేయాలో కూడా చెబితే బాగుండేది.

డెట్రాయిట్ వారూ, అల్లం మాత్ర సంగతి నాకు తెలియదు, తెలిసినందుకు సంతోషం. కానీ ఆ మాత్ర పడింది లోపల ఉప్పు పట్టని శుభ్రమైన ఇంజన్‌లో. ఇరవై ఏడేళ్ళ మారుతిలో బోరు నీళ్ళ మీద పడడం వేరు.

నేను అసలు అడగాలనుకున్నది రాజమండ్రి వారిని. లారీ డ్రైవర్ మూతను మొదటి గంటు దగ్గర వదిలాడని రాశారు, అందరూ పసుపు మీద పడి ఆ వాక్యాన్ని దాటేశారు. ఈ బండ్లకు రేడియేటర్ మూత చదరపు సెంటీమీటరుకు సుమారు 0.9 కిలోల ఒత్తిడి పట్టి ఉంచుతుంది, దానివల్ల నీళ్ళు 100 దగ్గర కాక 118 డిగ్రీల చుట్టుపక్కల మరుగుతాయి. వేడి మీద మూత తీస్తే ముఖం కాలేది కూడా ఆ ఒత్తిడి వల్లే. మూత వదులైతే ఒత్తిడి లేదు, ఒత్తిడి లేకపోతే సన్నని చిల్లులోంచి నీటిని బయటికి నెట్టేదీ లేదు. మీ మూత ఎప్పుడు మార్చారు? దాని కింది రబ్బరు వాషర్ మెత్తగా ఉందా, బిరుసెక్కి పగిలిందా? మొదటి గంటు ఆ ఒక్క రోజుతో సరిపోయి ఉండవచ్చు, కానీ మూత స్ప్రింగే చచ్చిపోయి ఉంటే ఈ ఏడు నెలలూ మీ బండి మొదటి గంటు మీద తిరిగినట్టే లెక్క. అప్పుడు చిల్లును ఆపింది పసుపు అని ఎలా అంటారు?

రాజమండ్రి ఎనిమిది వందలు:

ఆలస్యానికి మన్నించండి. మీ మాట చదివాక మూత తీసి చూశాను. వాషర్ అంచు గోటితో గిల్లితే పొడిగా రాలింది. ఆ మూత నాకు తెలిసి ఎన్నడూ మార్చలేదు. ఆలోచిస్తే ఈ ఏడు నెలల్లో నేను ఘాట్ ఎక్కలేదు, ఎక్కువగా కొవ్వూరు వంతెన దాటి వెనక్కి రావడమే. వారానికోసారి పావు లీటరు నీళ్ళు కూడా పోస్తూనే ఉన్నాను. పాత బండి కదా, తాగుతుందిలే అనుకున్నాను తప్ప మొదటి సందేశంలో రాయాలని తోచలేదు, ఆ తప్పు నాదే.

గత సోమవారం 0.9 అని అచ్చు వేసి ఉన్న కొత్త మూత పెట్టాను. గురువారం ఉదయం చూస్తే రేడియేటర్ కింద పాత చోటే తడి ఉంది, రేకుల మీద ఎర్ర పసుపు చార ఉంది. దారంలా చిమ్మడం లేదు, చెమ్మగిల్లుతోంది.

రసాయన పంతులు:

దీన్నిబట్టి పసుపు అసలు పట్టలేదనడం కుదరదు. చార పసుపు రంగులో ఉందంటే గూడు అక్కడ కట్టింది, కొత్త ఒత్తిడికి సడలింది. అప్పుడు దారం, ఇప్పుడు చెమ్మ. ఆ తేడాకు కారణం ఇంకేమిటి?

పదీ పన్నెండు పానా:

కారణం ఏదైనా, చెమ్మ అంటే చిల్లు ఉన్నట్టే పంతులు గారూ. ఆ రోజు ఘాట్‌లో డ్రైవర్ చేసింది సరైన పని, అందులో నాకు పేచీ లేదు. ఒత్తిడి తగ్గించడం అందులో సగానికి పైగా ఉందన్నదే నా వాదన. పంపు పెట్టి ఒత్తిడి ఎక్కించి చూస్తే అరగంటలో తేలుతుంది.

రాజమండ్రి వారూ, బండి తెచ్చేటప్పుడు పాత మూత కూడా తీసుకురండి. దాన్ని టెస్టర్‌కు బిగించి ఎంత దగ్గర వదులుతుందో మీ కళ్ళ ముందే చూద్దాం. రేడియేటర్ మీరే దింపాలనుకుంటే ఇంజన్ పూర్తిగా చల్లారాకే దింపండి. లోపలి నీళ్ళు పెరట్లో మాత్రం పారబోయకండి, కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు, దూడలు నాకి చచ్చిపోతాయి. డబ్బాలో పట్టి తెస్తే అడుగున ఎంత పసుపు దిగిందో కూడా కొలవవచ్చు. రెండు చెంచాలు పోశానన్నారు కదా, ఎంత తిరిగి వస్తుందో చూస్తే మిగతాది ఎక్కడుందో మాట్లాడుకోవచ్చు.