మొంథా వానకు పత్తి, వడ్లు, ఇల్లు, బర్రె... సాయానికి ఎవరిని కలవాలి?

వాగు ఒడ్డు (అడిగినవారు)

అందరికీ నమస్తే. మాది దేవరకొండ వైపు, డిండి వాగుకు దగ్గర్లోని పల్లె. నేను హైదరాబాద్‌లో డ్రైవర్‌ను. నాయన, అమ్మ ఊళ్లోనే ఉంటారు. 2025 అక్టోబర్ 28, 29 తేదీల మొంథా తుపాను వానకు మాకు ఒక్క రకం నష్టం కాదు. సొంతం రెండెకరాలు. ఒక ఎకరం వరి కోసి వడ్లు రోడ్డు మీద ఆరబోశాం, అవి తడిసిపోయాయి. రెండో ఎకరం మీద వాగు ఇసుక మేట వేసింది. కౌలుకు చేసిన నాలుగెకరాల పత్తిలో పగిలిన కాయంతా చెట్టు మీదనే నల్లబడింది. ఇంటి వెనక మట్టి గోడ కూలి, దాని పక్కన కట్టేసిన బర్రె చనిపోయింది. తెల్లారే పూడ్చేశారు. బీరువాలో పట్టా పాస్‌బుక్కు, నోట్లు తడిసి ముద్దయ్యాయి.

"రాయించుకో, రాయించుకో" అని అందరూ అంటున్నారు కానీ ఎక్కడ రాయించుకోవాలో చెప్పేవాళ్లు లేరు. నాయన పంచాయతీకి పోతే తహసీల్ ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడికి పోతే ఏఈవోను (వ్యవసాయ విస్తరణ అధికారిని) కలవమన్నారు. అన్నిటికీ కలిపి కలెక్టర్ గారికి ఒక్క దరఖాస్తు పెడితే సరిపోదా?

రిటైర్డ్ ఏవో

సరిపోదు తమ్ముడూ. మీ నాయనను తిప్పుతున్నారని కోపం రావచ్చు కానీ నిజంగానే ఒక్కో నష్టాన్ని ఒక్కో శాఖ రాస్తుంది. పంటను వ్యవసాయ శాఖ (మీ క్లస్టర్ ఏఈవో), ఇంటిని రెవెన్యూ వాళ్లు, బర్రెను పశువైద్యాధికారి. చివరికి అన్నీ తహసీల్దార్ మీదుగా కలెక్టరేట్‌కే పోతాయి. కలెక్టర్‌కు పెట్టిన దరఖాస్తు కూడా తిరిగి వీళ్ల బల్ల మీదికే వస్తుంది. డబ్బులు వచ్చేది సర్వే జాబితాలో పేరున్నవాళ్లకే, కాబట్టి ముందు ఆ జాబితా పని చూడండి.

పంటకు 33 శాతం, అంతకు మించి నష్టం ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారు. ఏఈవో చేనుకు రాకుండా రైతువేదికలో కూర్చొని రాస్తే ఆ శాతం దగ్గరే తేడా వస్తుంది. చేనులోకి రమ్మని అడగండి, ఆయన నిలబడి ఉండగా ఫొటో తీయండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పంట పేరు ఏం రాశారో చూసుకోండి. వానాకాలం పంట నమోదులో మీది పత్తి అని ఉందో లేదో కూడా అడగండి. అక్కడ ఇంకో పంట ఉంటే ఇక్కడ కొట్టేస్తారు.

డబ్బు సంగతి. కేంద్రం ఎస్‌డీఆర్‌ఎఫ్ (రాష్ట్ర విపత్తు సహాయ నిధి) లెక్క 2022-26కి నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17,000, వర్షాధారానికి 8,500, అదీ రెండు హెక్టార్ల వరకే. అంటే మీ వర్షాధార పత్తికి ఎకరానికి మూడున్నర వేలు కూడా పడదు. రాష్ట్ర ప్రభుత్వం ఈసారి ఎకరానికి 10,000 ప్రకటించింది కాబట్టి అదే చూడండి. ఇసుక మేటకు పద్దు వేరు: మూడు అంగుళాలకు మించి మేట వేస్తే తీయడానికి హెక్టారుకు 18,000. దీన్ని చాలామంది అడగనే అడగరు. మేటలో గజం కర్ర గుచ్చి ఫొటో తీసి ఉంచండి. ట్రాక్టర్ పెట్టి ఇసుక ఎత్తించే ముందే ఈ పని కావాలి.

పంట బీమా ఆశ పెట్టుకోకండి. ఫసల్ బీమా నుంచి రాష్ట్రం 2020లోనే బయటికి వచ్చింది. రైతుబీమా అంటే రైతు చనిపోతే ఇంటికి వచ్చే ఐదు లక్షలు, పంటకు సంబంధం లేదు. ఈ రెండింటినీ కలిపేసి టెన్షన్ పడుతున్నవాళ్లను రోజూ చూస్తున్నాను.

గ్రామసంఘం అక్క

తమ్మీ, ముందు ఆ వడ్లు చూడు. జాబితా రేపైనా రాస్తారు, వడ్లు రేపటికి మొలకెత్తుతాయి. ఏఈవో రాసేది చేనులో పోయిన పంటను. కోసి ఆరబోసిన వడ్లు అమ్ముకుంటేనే మనకు డబ్బు.

తడిసిన కుప్పను టార్పాలిన్ కప్పి వదిలేయొద్దు. లోపల వేడెక్కి ఒక్క రాత్రికే మొలక వస్తుంది. చెయ్యి కుప్పలోకి పెట్టి చూస్తే తెలుస్తుంది, వెచ్చగా తగిలితే అప్పుడే విప్పెయ్యాలి. ఎండ లేకపోతే క్వింటాలుకు కిలో ఉప్పు, ఇరవై కిలోల పొడి ఊక కలిపి ఉంచు. ఊక లేకుంటే ఎండుగడ్డి. ఇది యూనివర్సిటీ వాళ్లు చెప్పేదే. కొన్ని రోజులు మొలకను ఆపుతుంది. తర్వాత తూర్పార పడితే ఊక పోతుంది.

కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. వడ్లు కేంద్రానికి తెచ్చినప్పుడే రిజిస్టర్‌లో పేరు, తేదీ, ఎన్ని బస్తాలో రాయించు. మళ్లీ వాన వచ్చి అక్కడే తడిస్తే "నీ వడ్లు ఎప్పుడొచ్చినయ్" అన్న మాట రాకుండా ఉంటుంది. 2025-26లో క్వింటాలుకు ఏ గ్రేడ్‌కు 2,389, సాధారణ రకానికి 2,369 మద్దతు ధర. తడిసినయ్ కదా అని దళారి ఎంతకంటే అంతకు ఇచ్చెయ్యమని నాయనకు తొందర పెట్టకు. అమ్మ సంఘంలో ఉంటే స్త్రీనిధి అప్పు అడగమను. వెలుపల వడ్డీకి తెచ్చేకన్నా నయం.

అచ్చంపేట రైతు

పత్తి గురించి. తడిసిన పత్తిని మంచి పత్తితో కలపొద్దు, మొత్తం పోతుంది. వేరుగా ఏరి, చీరలో పరచి ఆరబెట్టండి. సీసీఐ (కేంద్రం పత్తి కొనుగోలు సంస్థ) 8 శాతం తేమకు పూర్తి ధర ఇస్తుంది, 12 దాకా కోత పెట్టి కొంటుంది, దాటితే వాపస్. ఈ ఏడు కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకుంటేనే మిల్లు గేటు తీస్తున్నారు. ఆ పని నువ్వు హైదరాబాద్ నుంచే చేసిపెట్టొచ్చు. నాయన ఫోన్‌కు వచ్చే ఓటీపీ ఒక్కటి కావాలి.

మా వైపు కూడా ఘోరమే. లత్తీపూర్ దగ్గర శ్రీశైలం రోడ్డే కొట్టుకుపోయింది, పత్తి మిల్లుకు తీసుకుపోవడానికి చుట్టూ తిరగాల్సి వచ్చింది.

వాగు ఒడ్డు

అక్కా, అన్నా, చాలా థాంక్స్. వడ్లకు ఊక, ఉప్పు కలిపించాను. ఇప్పుడు అసలు చిక్కు కౌలు చేను. పట్టాదారు మిర్యాలగూడలో ఉంటాడు. కాగితం ఏమీ లేదు, నోటిమాట కౌలే. ఎకరానికి ఇంత అని ముందే కట్టేశాం. సాయం వస్తే ఆయన ఖాతాలో పడుతుందా?

రిటైర్డ్ ఏవో

ఎక్కువసార్లు అదే జరుగుతుంది. రికార్డులో ఆయన పేరుంది కాబట్టి. సర్వే ఫారంలో పట్టాదారు పేరు పక్కన సాగు చేస్తున్నవారి పేరు వేరుగా రాయమని అడగండి. గడి లేకపోతే రిమార్కుల్లో రాయించండి. పట్టాదారు నుంచి ఒక సమ్మతి పత్రం తీసుకోండి: ఈ సర్వే నంబరులో ఈ వానాకాలం ఫలానా వ్యక్తి పత్తి వేశాడు, పంట నష్టం సాయం అతనికి ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు అని.

అచ్చంపేట రైతు

ఏవో సార్, కాగితం మీద బాగానే ఉంది కానీ ఏ పట్టాదారు సంతకం పెడతాడు? రేపు భూమి మీద హక్కు అడుగుతారేమోనని వాళ్ల భయం. మా ఊళ్లో ఒకాయన సంతకం అడిగినందుకు వచ్చే ఏడాది కౌలే ఇవ్వనన్నాడు. సాయం కోసం పోతే చేనే పోయేటట్టుంది.

నల్లగొండ వకీలు

ఇద్దరి మాటా నిజమే. ఆ భయం తీర్చడానికే 2011లో ఉమ్మడి రాష్ట్రంలో సాగుదారుల చట్టం తెచ్చి, రుణార్హత కార్డులు ఇమ్మన్నారు. ఆ కార్డుతో కౌలుదారుకు భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే ఉంది. తెలంగాణలో దాని అమలు దాదాపు పడకేసింది. అయినా పట్టాదారుతో మాట్లాడేటప్పుడు ఈ ముక్క చెప్పండి. పత్రంలో కూడా "దీనివల్ల భూమిపై ఎలాంటి హక్కు సంక్రమించదు" అని ఒక వాక్యం రాయండి. ఆయనకు ధైర్యం వస్తుంది.

అప్పటికీ సంతకం పెట్టకపోతే గొడవ పడొద్దు. సాయం ఆయన ఖాతాలో పడితే మీకు ఇచ్చేట్టు, లేదా వచ్చే ఏటి కౌలులో తగ్గించేట్టు పెద్దమనుషుల ముందు మాట అనిపించుకోండి. వాట్సాప్‌లో ఆయన "సరే" అన్న మెసేజ్ ఉన్నా ఉత్త మాటకన్నా మేలు. నాయన కౌలు కట్టినట్టు ఫోన్‌పేలో ఉంటే దాన్ని చెరిపేయకండి. విత్తనాలు, మందుల బిల్లులు ఎవరి పేరు మీద ఉన్నాయో చూడండి.

ఇంకోటి. వరద బాధితులకు ఉచిత న్యాయ సహాయం 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది. దేవరకొండ కోర్టులో మండల న్యాయ సేవల కమిటీని అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. దరఖాస్తు వాళ్లే రాసిపెడతారు, ఫీజు ఉండదు.

గోపాలమిత్ర, కల్వకుర్తి

బర్రెను పోస్ట్‌మార్టం లేకుండా పూడ్చారు కదా, అది కాస్త కష్టమే. కానీ వదిలేయొద్దు. ఈరోజే మండల పశువైద్యాధికారిని కలిసి రాతపూర్వకంగా చెప్పండి. చెవికి వేసిన ట్యాగు నంబరు ఉంటే సగం పని అయినట్టే, టీకాలు వేసినప్పటి రికార్డు దొరుకుతుంది. పూడ్చిన చోటు, కూలిన గోడ ఫొటోలు, చూసిన ఇద్దరు ముగ్గురు పొరుగువాళ్ల సంతకాలతో పంచనామా. పాల కేంద్రంలో పాలు పోసిన పుస్తకం ఉంటే అదీ జత చేయండి. ఎస్‌డీఆర్‌ఎఫ్‌లో పాడి బర్రెకు 37,500, ఎద్దుకు 32,000, మేకకు, గొర్రెకు 4,000. 2024 వరదలప్పుడు రాష్ట్రం పశువుకు 50,000, గొర్రె, మేకకు 5,000 అని పెంచింది.

ఇది చదివేవాళ్లకు: పశువు చనిపోతే డాక్టరు వచ్చేదాకా పూడ్చకండి. వాసన వస్తుందని ఊరు తొందర పెడుతుంది, నిజమే. కనీసం ట్యాగు కనబడేట్టు ఫొటోలు తీసుకొని, డాక్టరుకు ఫోన్ చేసి ఆ తర్వాత పూడ్చండి.

నల్లగొండ వకీలు

ఇంటికి సంబంధించి ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) పంచనామా రాసేటప్పుడు "పూర్తిగా" అని రాశారా, "పాక్షికం" అని రాశారా చూడండి. తేడా చిన్నది కాదు. పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000, పాక్షికంగా దెబ్బతిన్న కచ్చా ఇంటికి 4,000. మీది ఒక్క గోడే కాబట్టి పాక్షికమే అంటారు. కానీ మట్టి ఇంట్లో ఒక గోడ పడితే మిగతా మూడూ నాని ఉంటాయి. దూలం జారిందా, పైకప్పు కుంగిందా, లోపల ఉండడానికి వీలుందా అన్నది ఇంజినీరుతో చూపించి రాయించమని అడగండి. ఆయన రాసిన మాటను బట్టే వర్గం తేలుతుంది. ఇల్లు రెండు రోజులకు మించి మునిగి ఉంటే బట్టలకు 2,500, సామానుకు 2,500 కేంద్రం లెక్కలో ఉన్నాయి. నీళ్లు చేరిన ఇళ్లకు రాష్ట్రం ఈసారి 15,000 చెప్పింది. ఇల్లు పోయినవాళ్లకు ఇందిరమ్మ ఇల్లు అన్నారు, దానికి కూడా ఈ పంచనామానే ఆధారం.

మిగిలిన గోడ మీద పడేట్టుంటే మాత్రం ఆర్‌ఐ కోసం ఆగొద్దు. ఫొటోలు, వీడియో తీసి కూల్చేయండి. అమ్మ, నాయనలను ఆ ఇంట్లో పడుకోనివ్వకండి.

వాగు ఒడ్డు

వాళ్లు బడిలో పడుకుంటున్నారు సార్. తడిసిన నోట్లు, పాస్‌బుక్కు ఏం చేయాలి? బ్యాంకు అప్పు కూడా ఉంది, లక్షా ఇరవై. ఇంకోటి, నిన్న ఒకడు ఫోన్ చేసి "మీకు వరద సాయం మంజూరైంది, లింకు నొక్కండి" అన్నాడట. నాయన నొక్కలేదు కానీ వాట్సాప్‌లో ఏదో ఫైలు వచ్చింది.

రిటైర్డ్ ఏవో

ఆ ఫైలు తెరవొద్దు, వెంటనే డిలీట్ చేయించు. ప్రభుత్వం ఏ సాయానికీ లింకు పంపదు, ఫోన్ చేసి ఓటీపీ అడగదు. పొరపాటున డబ్బు పోతే గంట కూడా ఆగకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేయాలి.

నోట్లను పొయ్యి దగ్గర పెట్టకుండా నీడలో ఆరబెట్టి ఏ బ్యాంకు బ్రాంచికైనా తీసుకుపోండి, మార్చి ఇస్తారు. పాస్‌బుక్కు నకలుకు మీసేవలో దరఖాస్తు చేయండి. ఆలోగా భూభారతి పోర్టల్‌లో పట్టా వివరాలు ప్రింట్ తీస్తే సర్వేకు అది చాలు.

అప్పు విషయంలో బ్యాంకు తనంతట తాను ఏమీ చెప్పదు, మీరే అడగాలి. ప్రకృతి వైపరీత్య ప్రాంతంగా ప్రభుత్వం ప్రకటించినచోట పంట రుణాన్ని రీషెడ్యూల్ చేసే వెసులుబాటు ఆర్‌బీఐ నిబంధనల్లో ఉంది. 2025 నాటి నిబంధన ప్రకారం నష్టం 33 నుంచి 50 శాతమైతే రెండేళ్ల దాకా, 50 దాటితే ఐదేళ్ల దాకా గడువు. మాఫీ కాదు, వాయిదా. మేనేజర్‌కు కాగితం రాసిచ్చి, జిరాక్స్ మీద ముద్ర వేయించుకోండి. నోటితో అడిగితే ఎవరికీ గుర్తుండదు.

అచ్చంపేట రైతు

జాబితా సంగతి కూడా చెప్పండి సార్. మా ఊళ్లో పోయినసారి రాసుకుపోయారు, డబ్బులు వచ్చేసరికి సగం పేర్లు లేవు. అడిగితే పై నుంచే పోయాయన్నారు.

నల్లగొండ వకీలు

పైకి పోకముందే చూడాలి. సర్వే అయిన వారంలో జాబితాను పంచాయతీ ఆఫీసు గోడకు అంటించమని ఊరంతా కలిసి అడగండి. పేరు లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చి నంబరు తీసుకోండి. ఒక్కరు పోతే ఒక్క కాగితమే, ఊరు మొత్తం ఒకే కాగితం మీద సంతకాలు పెట్టి పోతే తహసీల్దార్‌ను పిలిచి అడుగుతారు. అప్పటికీ తేలకపోతే తహసీల్ ఆఫీసులో సమాచార హక్కు కింద ఆ జాబితా నకలు అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నా అనుభవంలో ఆ దరఖాస్తు పడ్డాక చాలా పేర్లు వాటంతట అవే తిరిగి వస్తాయి!

వాగు ఒడ్డు

రేపు పొద్దున ఏఈవో మా ఊరికి వస్తున్నారట. నేను డ్యూటీ మానేసి రావాలా?

రిటైర్డ్ ఏవో

నువ్వు లేకపోయినా నడుస్తుంది, మీ నాయన చేను గట్టు మీద ఉండాలి. హద్దులు చూపించేది ఆయనే. ఆధార్ జిరాక్స్, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ జిరాక్స్, ఫోన్ ఆయన దగ్గర ఉండేట్టు చూడు. ఆ బ్యాంకు ఖాతా వాడకంలో ఉందా, ఆధార్ లింకైందా అన్నది ఈ సాయంత్రమే కనుక్కో. ఎన్నో డబ్బులు అక్కడే ఆగుతాయి. పట్టాలో పేరు ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు ఉంటే పట్టాలో ఉన్నట్టే రాయించి, రెండూ ఒకరివే అని పంచాయతీ కార్యదర్శితో ధ్రువీకరణ తీసుకొని జత చేయించు. ఇసుక మేట ఎకరాన్ని పత్తి చేనుతో కలిపి ఒకే వరుసలో రాయనివ్వొద్దు, దానికి వేరే వరుస అడగమని నాయనకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు.