చెయ్యేటి వరద, కార్తీక పౌర్ణమి: కర్మ అంటే సరిపోతుందా?

హంద్రీ: 2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి. పొద్దున్నే రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి చెయ్యేరు నది పులపుత్తూరు, మందపల్లి ఊర్ల మీద పడింది. దీపాలు పెట్టే రోజది. దయా శక్తీ రెండూ ఉన్న దేవుడు ఎట్ల చూస్తా ఉన్నాడు?

భాష్యం: ఈ ప్రశ్న వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లోనే ఉంది, 2.1.34వ సూత్రం. జీవుల కర్మను బట్టి ఫలమిస్తాడు గనక ఈశ్వరుడికి పక్షపాతం, క్రూరత్వం అంటవు. శంకరుల పోలిక వాన: వరికీ యవలకీ వాన ఒకటే, తేడా విత్తనంలో. మొదటి కర్మ యాడిదంటే, సంసారం అనాది అంటుంది తర్వాతి సూత్రం.

హంద్రీ: వానకు తెలివి లేదు, ఈశ్వరుడికి అన్నీ తెలుసు. పోలిక అక్కడే తెగింది. అనాది అంటే ప్రశ్నను వెనక్కి జరపడమే.

భాష్యం: పోలిక ఒక్క అంశానికే వర్తిస్తుంది. ఈశ్వరుడు వానలాగ అందరికీ ఒకటైన సాధారణ కారణం, తేడా తెచ్చే విశేష కారణం జీవుల కర్మ.

హంద్రీ: తెలిసి ఊరుకోవడం కూడా అంశమే.

సీమబిడ్డ: మళ్లీ వాన దగ్గరే ఆగినారు.

గట్టుమీద: దేవుణ్ణి కాసేపు పక్కన పెట్టండప్పా. ఆ ప్రాజెక్టు స్పిల్‌వే, అంటే గేట్లుండే కాంక్రీటు భాగం, వదలగలిగింది 2.17 లక్షల క్యూసెక్కులు, వచ్చింది 3.2 లక్షలు. ఎగువనున్న పింఛా ప్రాజెక్టు కట్ట ముందే తెగింది. ఐదు గేట్లలో ఒకటి లేవలేదు. నీళ్లు మట్టికట్ట మీదికెక్కి పొర్లితే అవతలి వాలు కోసుకుపోతుంది, ఇంక కట్ట నిలవదు. కాంక్రీటు నిలిచింది, మట్టి పోయింది. వానలకు ముందే ప్రతి గేటునూ ఎత్తి దించి చూడాల.

భాష్యం: ఐదూ లేచినా లక్ష ఎక్కువే కదన్నా. అది ఎవరి తప్పు?

గట్టుమీద: ఎంత వరదకు కట్టాలో లెక్కేసిందీ మనిషే.

సీమబిడ్డ: అంత వాన కురిపించింది మనిషి కాదు కదా!

హంద్రీ: వాన, గేటు సరే. ఒక్క పూటలో ఊరంతటికీ ఒకే కర్మ పండిందా? పసిబిడ్డకూ? బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు కూర్చుని ఆ సూత్రం చదవగలవా నువ్వు?

భాష్యం: చదవను. చదివితే పాపం. కర్మ అన్న మాట నా కష్టం నేను మోసుకోడానికి. ఎదుటివాడి కష్టం మీద తీర్పు చెప్పే హక్కు నాకు లేదు.

గట్టుమీద: నా భయం అదేనప్పా. దేవుడున్నా లేకున్నా, విధి అన్న మాట ఒకసారి నోటికొస్తే గేటు సంగతి అడిగేవాడుండడు.

భాష్యం: గేటు చూడాల్సినోడు చూడకపోవడం వాడి పాపమే. కర్మ సిద్ధాంతం వాణ్ణి వదలదు.

హంద్రీ: వాడి పాపం వాడిది సరే. పోయినోళ్లది ఏ పాపం? 'కర్మను బట్టే' అని సూత్రం ఒప్పుకున్నాక, ఆ రెండూర్లనూ దాంట్లోంచి ఎట్ల బయట పెడతావు? అది చెప్పు ముందు.